ఆదాం పుట్టించిన గ్యాసు

ఆదాం కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. టీ కొట్టు దగ్గర బల్ల మీద కూర్చోమంటే ఒక కాలు బల్ల మీద పెట్టి, నిలబడే తాగి వెళ్లిపోతాడు. వాళ్లది పరుపులు కుట్టే ఇల్లు. తండ్రి మీరా హుస్సేన్ దూది ఏకడానికి కూర్చుంటే పొద్దువాలే దాకా తల ఎత్తేవాడు కాదట. ఆ ఓపికలో కొడుక్కి వీసమెత్తు కూడా రాలేదు. వాడరేవులో చేపలు ఎండబెట్టే పని బాగుందని ఎవరో అంటే, సగం కుట్టిన పరుపు అలాగే వదిలేసి వెళ్లిపోయాడు. అక్కడి ఉప్పుగాలి ఒంటికి పడలేదని మంగళగిరి చేరి కొత్త ఆఫీసు కట్టడాల్లో నీళ్ల పైపులు బిగించాడు. ఆ తరువాత సైకిల్ షాపు పెట్టాడు, పంక్చర్లు వేశాడు, ట్రాక్టర్ ట్యూబులు అతికాడు. ఏ పని పట్టుకున్నా బాగానే నేర్చుకునేవాడు. తీరా అది చేతికొచ్చే సరికి మనసు ఇంకోదాని మీదికి పోయేది.

ఇన్ని ఊళ్లు మారినా, ఇన్ని పనులు మారినా నోరెత్తకుండా వెంట నడిచింది భార్య మెహర్. చివరికి పర్చూరు దాటి లోపలికి వెళ్లి, యలమందయ్య అనే పెద్దరైతు దగ్గర మిరప చేను కౌలుకు తీసుకుని, చేలోనే ఉన్న రేకుల ఇంట్లో కాపురం పెడదామన్నప్పుడు మాత్రం ఆమె ఒక్క మాట అడిగింది.

"ఇక్కణ్ణించి ఇంకెక్కడికీ ఎల్లవుగా?"

అల్లా మీద ఒట్టేసి ఎక్కడికీ వెళ్లనన్నాడు ఆదాం. ఆ ఒట్టు నిలబెట్టుకున్నాడనే చెప్పాలి. వెళ్లిపోయింది మెహరే.

ఆ ఇంటికి కరెంటు స్తంభం రాలేదు. ఎండలో పెడితే ఛార్జి అయ్యే లైటు ఒకటి, ఫోను ఛార్జింగుకి ఊళ్లో టీ కొట్టు, అంతే. సిలిండర్ ఆటో తారురోడ్డు దాకా వస్తుంది. అక్కణ్ణించి ఇల్లు చేరాలంటే నల్లరేగడి బాట. వాన పడిందంటే ఆ బాట కాలి చెప్పుల్ని కూడా లాగేసుకుంటుంది. సిలిండర్ ఇంటికి రావాలంటే ఎవరో ఒకరు రోడ్డు మీదికి వెళ్లి భుజాన వేసుకుని రావాలి. ఆ ఎవరో ఒకరు ఆదామే. అతను ఎప్పుడూ "రేపు తెస్తాలే" అనే అన్నాడు. రేపు అన్నది ఎల్లుండి అయ్యేది, ఎల్లుండికి చేనుకు నీళ్లు తోడే ఇంజను చెడిపోయేది, ఈలోగా పొయ్యి మీద పప్పు సగంలో ఆగిపోయేది. అప్పుడు మెహర్ పెరట్లోకి వెళ్లి మిరపకట్టె విరుచుకొచ్చేది.

మిరపకట్టె పొగ గురించి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. కోతలన్నీ అయ్యాక పీకిన మొక్కల్ని ఈ ప్రాంతంలో వంటచెరకుగా మోపులు కట్టి పెడతారు. వాటికి అక్కడక్కడ పనికిరాని తాలుకాయలు ఉండనే ఉంటాయి. ఆ కట్టె అంటుకుంటే ఇంట్లో మనుషులే కాదు, కొట్టంలో గేదెలు కూడా తుమ్ముతాయి. మెహర్ మొదట్లో తుమ్మేది. తరువాత దగ్గడం మొదలుపెట్టింది. ఆ వానాకాలం ముగిసే సరికి నాలుగు అడుగులు నడిస్తే గోడ పట్టుకుని ఆగిపోవలసి వచ్చింది. చీరాలలో డాక్టరు చూసి, ఇక ఈమెకు పొగ సోకకూడదని, సోకితే తన దగ్గరికి కాదు గుంటూరు తీసుకుపోవాల్సి వస్తుందని కసిరాడు. మెహర్ అక్క ఖాదర్‌బీ ఆ చీరాలలోనే మగ్గాల వీధిలో ఉంటుంది. చెల్లెల్ని ఆసుపత్రి నుంచి నేరుగా తన ఇంటికి తీసుకుపోయింది.

"రేపే సిలిండర్ తెస్తా, ఆ పొయ్యి పీకేస్తా" అన్నాడు ఆదాం, ఖాదర్‌బీ ఇంటి గుమ్మంలో నిలబడి.

"నీ రేపు నాకు తెలవనిదా?" అంది మెహర్. కోపంగా కూడా అనలేదు. "ఆ ఇంట్లో పొగ లేదని నాకు నమ్మకం కుదిరిన్నాడు వస్తా. రంజాన్ నెల పట్టేలోపు కుదరకపోతే రోజా ఉపవాసాలు కూడా ఇక్కడే ఉంటా. ఆ తరవాత సంగతి నన్నడగొద్దు."

ఆ చివరి మాట ఆదాం గుండెల్లో రాయి పడేసింది. ఇన్నేళ్లుగా తను వదిలేసిన పనుల్ని లెక్కపెట్టుకోలేదు గానీ, తనను వదిలేసేవాళ్లు కూడా ఉంటారని అతనికి ఎప్పుడూ తట్టలేదు.

ఇంకొకడైతే ఏం చేసేవాడు? నోరు మూసుకుని రోడ్డు మీదికి వెళ్లి రెండు సిలిండర్లు మోసుకొచ్చి పెట్టేవాడు. ఆదాంకి అంత చిన్న పని కంటికి ఆనదు. ఫోనులో ఎవరో ఇంటి పేడతోనే గ్యాసు చేసి వంట చేస్తున్న వీడియో చూశాడు. ఇంకేముంది, రోడ్డు దాకా వెళ్లి గ్యాసు మోసుకురాలేని మనిషి గ్యాసును ఇంట్లోనే పుట్టించడానికి సిద్ధమయ్యాడు.

మనిషి చేతిలో పనితనం ఉంది, అది కాదనలేం. అడుగు పగిలిందని ఎవరో పారేసిన నల్ల నీళ్ల ట్యాంకు తెచ్చి అతుకు వేశాడు. గొయ్యి తీసి సగం దాకా పాతాడు. పేడ పోయడానికి ఒక పక్క లావు పైపు, పులిసిన పేడ బయటికి పొర్లడానికి ఇంకో పక్క మరో పైపు, నెత్తిన గ్యాసు వచ్చే సన్నగొట్టం. గొట్టం కొసకు ట్రాక్టర్ ట్యూబు తగిలించాడు. గ్యాసు అందులో నిండాలి, పైన చెక్కబల్ల వేసి బరువు పెడితే అక్కణ్ణించి పొయ్యికి పారాలి. ఈ గ్యాసుకు సిలిండర్ పొయ్యి రంధ్రం చాలదని తెలిసి దాన్ని సూదితో వెడల్పు చేశాడు. మంగళగిరి పైపులు, సైకిల్ షాపు అతుకులు, అన్నీ ఒక్కచోట పనికొచ్చాయి.

యలమందయ్య గట్టు మీద నిలబడి అంతా చూశాడు. గోబర్ గ్యాసుకు ప్రభుత్వం సాయం చేసిన పాత రోజుల్లో ఆయన ఇంట్లోనూ ఒకటి కట్టారు. దాని ఇనుప మూత తుప్పు పట్టి చాలాకాలం క్రితమే పోయింది.

"ఒరేయ్ ఆదాం, పేడా నీళ్లూ సమంగా కలుపు. గడ్డ ఉండకూడదు, గడ్డి పోచ ఉండకూడదు. ఆ పేడలో కంటికి కనపడని పురుగుంటది. అది పేడ తిని గ్యాసు వదిలిద్ది. ఒకసారి పోశాక మూత తియ్యమాక. దాని మానాన దాన్ని వదిలెయ్యి" అన్నాడు.

"ఎన్నాళ్లు వదిలెయ్యాల బాబాయ్?"

"అది చెప్పినన్నాళ్లు."

ఇదేం లెక్క అని ఆదాంకి ఒళ్లు మండింది. తవ్వమంటే చెరువైనా తవ్వుతాడు, ఊరుకోమంటే మాత్రం అతని వల్ల కాదు. తమ రెండు గేదెల పేడా నీళ్లతో కలిపి ట్యాంకులో పోయడం, తరువాత కాలుగాలిన పిల్లిలా దాని చుట్టూ తిరగడం. చెవి ఆనించి వినడం, గొట్టం ఊపి చూడడం, ట్యూబు నొక్కడం, ఇదే పని. పురుగు మందు కొట్టుకుంటూ మధ్యలో వీపు మీది మందు పంపు దించి వచ్చి ట్యూబు చూసి వెళ్లేవాడు. ఆ ఏడు మిరప పూత మీద నల్లతామర పురుగు పడి, చేలోవాళ్లెవరికీ కంటి మీద కునుకు లేదు. మందు కలపడం, కొట్టడం, మళ్లీ కలపడం. పురుగు మాత్రం పోలేదు.

ఒకరోజు పొద్దున్నే ట్యూబు ఒక పక్క కాస్త ఉబ్బి కనిపించింది. ఆదాం ఆగలేదు. వెలిగించి చూద్దామన్న ఆలోచన కూడా రాకముందే ఫోను తీశాడు.

"వదినా, ఆదివారం మీ చెల్లెల్ని తీసుకుని రా. పొగ లేని పొయ్యి మీద నా చేత్తో టీ పెట్టిస్తా మీకు" అని ఖాదర్‌బీకి చెప్పేశాడు. చెప్పిన ఊపులో గడ్డపార తెచ్చి పాత మట్టిపొయ్యిని పగలగొట్టేశాడు. అంతా అయ్యాక అగ్గిపుల్ల గీశాడు. బుస్సుమని కుళ్లిన గుడ్డు వాసన వచ్చి అగ్గిపుల్ల ఆరిపోయింది.

మొదట వచ్చే గ్యాసు మండదనీ, దాన్ని వదిలేసి రెండోదాని కోసం చూడాలనీ యలమందయ్య చెప్పాడు. సరేనని వదిలేశాడు. ట్యూబు చప్పిడిగా నేలకు అతుక్కుంది. అలాగే ఉండిపోయింది. రోజూ పేడ పోస్తున్నాడు, రోజూ చూస్తున్నాడు, దానిలో చలనం లేదు. ఆదివారం దగ్గర పడుతున్నకొద్దీ ఆదాంకి అన్నం సయించలేదు. రావద్దని ఒక్క ఫోను చేస్తే పోయేది. ఆ ఒక్క ఫోను చేయడానికి అతనికి నోరు రాలేదు.

ఆదివారం అక్కచెల్లెళ్లిద్దరూ ఆటో దిగి గట్టు మీద నడిచొచ్చారు. మెహర్ మొహం కాస్త తేరుకుంది. పగిలిన మట్టిపొయ్యిని చూసి ఆమె కళ్లు మెరిశాయి. పెరట్లో ట్యూబు నిండుగా, గుండ్రంగా, బల్లను పైకెత్తి ఉంది.

"నిజంగానే చేశావే!" అంది. చాలాకాలం తరువాత అతని వైపు చూసి నవ్వింది.

"వెలిగించయ్యా మరి" అంది ఖాదర్‌బీ.

ఆదాం గొట్టానికున్న మర తిప్పాడు. అగ్గిపుల్ల గీశాడు. బర్నరులోంచి గాలి వచ్చింది, వట్టి గాలి. ఇంకో పుల్ల గీశాడు, అదీ ఆరిపోయింది. మెహర్ కొంచెంసేపు చూసి, ట్యూబు దగ్గరికి వెళ్లి, వెనకాల గోనెసంచి కింద దాచిన సైకిల్ పంపును కాలితో బయటికి జరిపింది.

"పంపు కొట్టావా?"

ఆదాం అగ్గిపెట్టె జేబులో పెట్టేసుకున్నాడు.

"పొగైతే కంటికి కనపడిద్ది, పక్కకి జరుగుతాం" అంది మెహర్. "దీన్నుంచి ఎటు జరగాలయ్యా?"

టీ తాగకుండానే వెళ్లిపోయారు. గట్టు మీద వాళ్లు చిన్నగా కనబడే దాకా ఆదాం పెరట్లోనే నిలబడ్డాడు. సిగ్గుతో అతనికి ఏడుపొచ్చింది. తన్నాలనిపించి ట్యాంకును తన్నాడు కూడా.

కబురు తెలిసి సాయంత్రం యలమందయ్య వచ్చాడు. తిట్టలేదు, నవ్వలేదు. బయటికి పొర్లే పైపు దగ్గర వంగి వాసన చూశాడు. ఆ వాసన ఆయనకు నచ్చలేదు. ఇంటిచుట్టూ ఒకసారి తిరిగి, పేడ కలిపే నీలం డ్రమ్ము దగ్గర ఆగి తల లోపలికి పెట్టాడు.

"ఇదేం డ్రమ్మురా?"

"మందు కలిపే డ్రమ్మే బాబాయ్. కడిగాలే."

యలమందయ్య నెత్తి కొట్టుకున్నాడు. "తామర పురుగు చావాలని ఇందులో మందు కలుపుతావు. మళ్లీ ఇందులోనే పేడ కలిపి, పురుగు బతికి గ్యాసు ఇయ్యాలంటావు. ఎట్టా బతికిద్దిరా? పాపం అది తామర పురుగంత మొండిది కూడా కాదే!"

మిరప చేలల్లో నీలం డ్రమ్ము లేని ఇల్లు ఉండదు. మందు కలిపేది అందులోనే, చెయ్యి తిప్పి రెండు చెంబులు పోసి కడిగేది అందులోనే. ఆ పైన సున్నం కలిపినా, కుడితి కలిపినా, నీళ్లు పట్టినా అదే డ్రమ్ము. మందు గిన్నె విడిగా ఉంచాలని సీసా మీద బొమ్మ వేసి మరీ రాస్తారు. ఆ సీసా మూత తిప్పేవాళ్లే గానీ బొమ్మ చూసేవాళ్లు ఎవరున్నారు? ఆదాం ఒక్కడు చేసిన తప్పు కాదది. కానీ ఆ సాయంత్రం అతను ఊళ్లోవాళ్ల గురించి ఆలోచించలేదు.

కాలవ ఎండినప్పుడల్లా మెహర్ స్నానానికి నీళ్లు నిలవపెట్టింది ఆ డ్రమ్ములోనే. బియ్యం కడిగే నీళ్లు కూడా ఒక్కోసారి అందులోవే. "దీనికొకటి విడిగా కొనవయ్యా, వాసనొస్తంది" అని ఆమె ఎన్నిసార్లు అందో. "రేపు కొంటా" అనే అన్నాడు. ఆ దగ్గుకు పొగే కారణమో, ఇంకేదైనా కలిసిందో ఏ డాక్టరూ చెప్పలేదు, అతనూ అడగలేదు. ట్యాంకులో కంటికి కనపడని పురుగే తట్టుకోలేకపోయింది. మనిషి సంగతేమిటి? డ్రమ్మును దొర్లించుకుంటూ వెళ్లి చేనుకు అవతలి గట్టున, ఇంటికి ఎంత దూరం వీలైతే అంత దూరంలో పెట్టి వచ్చాడు.

మర్నాడు పొద్దున్నే ఊళ్లోకి వెళ్లి రెండు కొత్త డ్రమ్ములు కొన్నాడు, ఒకటి పేడకు, ఒకటి నీళ్లకు. ట్యాంకులో చచ్చిన పేడంతా తోడి చేలకు దూరంగా గొయ్యి తీసి పూడ్చాడు. నీళ్లు పోసి కడిగాడు, మళ్లీ కడిగాడు, వాసన పోయే దాకా కడిగాడు. ఇంకొల్లు దగ్గర ఒక పాడి రైతు ఇంట్లో గోబర్ గ్యాసు నడుస్తోందని తెలిసి అక్కడికి వెళ్లి, ఆయన ట్యాంకులోంచి రెండు క్యాన్ల పులిసిన పేడ అడిగి తెచ్చాడు. పాలకు తోడు వేసినట్టు దాన్ని కొత్త పేడలో కలిపి పోశాడు. గడ్డలు చేత్తో చిదిపాడు. మూత బిగించాడు. సిలిండర్ కూడా రోడ్డు మీదినుంచి మోసుకొచ్చుకున్నాడు, తన వంట కోసం. అది పెద్ద కష్టమేమీ కాలేదు.

ఇక చేయడానికి పనేమీ లేదు. అదే అసలు కష్టం. చలి ఇంకా వదల్లేదు, చలికి పేడ తొందరగా పులవదు. రంజాన్ నెల దగ్గరికొస్తోంది. మూత తీసి చూస్తే అన్న ఆలోచన పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి వచ్చి చేతుల్ని లాగేది. చేలోకి పారిపోయేవాడు. ఎర్రబడ్డ కాయ కోస్తుంటే అరచేతులు మండేవి, మనసు ట్యాంకు దగ్గర ఉండేది. తిరిగొచ్చి చుట్టూ నడిచేవాడు. నడిచీ నడిచీ అక్కడ గడ్డి చచ్చి బాట పడింది. మెహర్‌కి ఫోను చేద్దామని తీసి, చెప్పడానికి ఏముందని మళ్లీ జేబులో పెట్టేసుకునేవాడు. ఒక్కోసారి ఏమీ తోచక ట్యాంకు పక్కన నేల మీద కూర్చునేవాడు. మొదట్లో కాళ్లు ఆడిస్తూ కూర్చునేవాడు. తరువాత తరువాత ఆడించడం కూడా మరిచిపోయాడు.

ట్యూబు మెల్లగా లేచింది. మొదటి గ్యాసు వదిలేశాడు. రెండోసారి లేచినప్పుడు పొయ్యి ముందు కూర్చుని అగ్గిపుల్ల గీశాడు. ఏమీ కనిపించలేదు. ఆరిపోయిందనుకుని చెయ్యి పెట్టి చుర్రుమని వెనక్కి లాక్కున్నాడు. పట్టపగటి వెలుతురులో ఆ నీలిమంట కంటికి ఆనలేదు. తలుపు మూసి చూశాడు. గుండ్రంగా, పొగ లేకుండా, చిటపటలు లేకుండా మండుతోంది. చెయ్యి బొబ్బెక్కినా ఆదాం నవ్వుతూనే ఉన్నాడు.

అయినా ఫోను చేయలేదు. ఇవాళ మండింది సరే, రేపు ఆగిపోతే? ఇంకోసారి ఆమె మొహంలోకి చూడలేడు. రోజూ పైపులో కొత్త పేడ పోసి, రోజూ వెలిగించి, అన్నం వండుకుని, ఎంతసేపు మండుతోందో చూస్తూ పోయాడు.

చివరికి మెహరే చేసింది.

"ఏంది, బతికే ఉన్నావా? ఫోను లేదు, ఏం లేదు."

"ఉన్నాలే."

"ఏం చేస్తన్నావు?"

"కూచున్నా."

"ఎక్కడ?"

"ట్యాంకు కాడ. నిండుతుంది. టైం పట్టిద్ది దానికి."

ఫోను కట్ అయిందేమోనని ఆదాం చెవి నుంచి తీసి చూసుకున్నాడు.

"నువ్వు కూచున్నావా?" అంది మెహర్.

మర్నాడు పొద్దెక్కే వేళకు ఆమె ఒక్కతే వచ్చింది, చేతిలో బట్టల సంచీతో. సంచీ గుమ్మం బయటే పెట్టింది. లోపలికి తెమ్మని ఆదాం అనలేదు. ఆమె ఇల్లంతా కలయజూసింది. మట్టిపొయ్యి ఉన్నచోట నేల అలికి ఉంది. కొత్త నీళ్ల డ్రమ్ము మూత తీసి, వంగి వాసన చూసి, మూత పెట్టింది. పెరట్లోకి వెళ్లి సైకిల్ పంపు ఎక్కడైనా ఉందేమోనని గోనెసంచులన్నీ ఎత్తి చూసింది. ఆదాం గోడకానుకుని నిలబడ్డాడు.

తనే వెలిగించింది. మంట నిలిచింది. బియ్యం పెట్టింది, పక్కన దోసకాయ తరిగింది. అన్నం ఉడికింది. పప్పు గిన్నె పెట్టి మూత వేసింది. పప్పు ఒక పొంగు వచ్చిందో లేదో, మంట చిన్నబోయి, నాలుగు చుక్కలుగా విడిపోయి, ఆరిపోయింది.

అలవాటుగా ఆదాం నోటి దాకా ఏదో వచ్చింది, గొట్టం జారిందనో, ఇప్పుడే సరిచేస్తాననో, రేపటికి రెండింతలు వస్తుందనో. దాన్ని మింగేశాడు.

"అయిపోయింది" అన్నాడు. "ఇంతే వస్తంది మెహర్. ఈ చలికి అన్నానికి సరిపోద్ది, కూరకి చాలదు. సాయంత్రానికి మళ్లీ నిండిద్ది. ఎండలు ముదిరితే ఎక్కువొచ్చిద్దంటన్నాడు బాబాయ్, రాకపోవచ్చు కూడా. సిలిండర్ తెచ్చి పెట్టా, కావాలంటే దాని మీద పెట్టు."

మెహర్ ఆరిన బర్నరు వైపు చూసింది, అతని వైపు చూసింది. సిలిండర్ జోలికి వెళ్లలేదు. రెండు కంచాల్లో అన్నం వడ్డించి, మజ్జిగ పోసి, పండుమిరప పచ్చడి వేసి తెచ్చింది. ఇద్దరూ పెరట్లో కూర్చున్నారు. ఆమె నాలుగు ముద్దలు తిన్నది. ఒక్కసారి దగ్గింది. ఆదాం చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఇంకో దగ్గు వస్తుందేమోనని ఆమె వైపే చూశాడు. రాలేదు.

"రేపు పొద్దున పేడ నేను కలుపుతా" అంది మెహర్, కంచంలోకి చూస్తూ. "నువ్వు గడ్డలు ఉంచేస్తావు. నాకు తెలుసుగా."

ఆదాం కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగి అన్నంలో పడ్డాయి. పచ్చడి ఘాటు అన్నాడు. ఆమె నమ్మలేదు. లేచి వెళ్లి గుమ్మం బయటి సంచీ లోపల పెట్టి వచ్చింది. పప్పు సాయంత్రం ఉడికింది.